పంతొమ్మిదో మెట్టు మీద పడినవాళ్ళు

నేను ఒక మెట్టుని. కోటని కాదు. కోట గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళు కింద రిసెప్షన్ దగ్గరకు వెళ్ళండి, నిగనిగలాడే కాగితం మీద రంగుల్లో అచ్చువేసిన చరిత్ర ఊరికే చేతిలో పెడతారు. అందులో నా గురించి కూడా నాలుగు వాక్యాలున్నాయి. నాలుగూ అబద్ధాలే. వాటిని మోసీ మోసీ విసుగెత్తి ఇవాళ నోరు విప్పుతున్నాను. రాయికి నోరేమిటని అడగకండి. నోరున్నవాళ్ళు చెప్పేది ఐదు వందల అరవై ఏళ్ళుగా వింటూనే ఉన్నాను కదా, ఒక్క పూట నా మాట వింటే మీ సొమ్మేం పోదు.

ఐర్లండ్ దేశానికి పడమటి కొసన, సముద్రపు గాలి తగిలేంత దూరంలో కిల్‌బ్రాన్ అనే చిన్న ఊరుంది. ఊరి చివర నాలుగంతస్తుల రాతి బురుజు, దాన్ని ఆనుకుని తర్వాతి కాలం వాళ్ళు కట్టుకున్న పెద్ద ఇల్లు. రెండూ కలిపి కిల్‌బ్రాన్ కోట. ఇప్పుడది హోటలు. పద్దెనిమిది గదులు, రెండు భోజనశాలలు, పెళ్ళిళ్ళ వాళ్ళు ఫోటోలు దిగడానికి ఒక పచ్చిక. బురుజు లోపల గోడను చుట్టుకుంటూ పైకి పోయే మెలికల మెట్లున్నాయి. కింది నుంచి లెక్కపెడితే పంతొమ్మిదోదాన్ని నేను. మిగతా మెట్లన్నీ ఒకే ఎత్తు. నేను మాత్రం వాటికన్నా నాలుగు వేళ్ళు ఎత్తు. నా కష్టాలన్నీ ఆ నాలుగు వేళ్ళ దగ్గరే మొదలయ్యాయి.

అసలేం జరిగిందో చెబుతాను. నన్ను ఊరి వెనకున్న గనిలోంచి తీసి చెక్కినవాడు డోనల్ అనే మేస్త్రి. అతని తమ్ముడు కార్మక్ కూడా మేస్త్రే. ఇద్దరూ పనిమంతులే. తండ్రి పోయాక ఆయన కొలబద్ద ఎవరికి చెందాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. మూరెడు కర్ర కోసం మాటలు మానేశారు. కర్ర అన్న చేజిక్కించుకున్నాడు. తమ్ముడు పౌరుషానికి పోయి, నాన్న కొలత నాకు కంఠతా వచ్చు, ఎవరి కర్రా నాకక్కర్లేదు అని ఇంకొకటి చెక్కుకున్నాడు. అతనికి గుర్తున్న కొలత అసలు కొలత కంటే ఒక రవ్వ పొడుగు.

ఓ'ఫైలన్ దొర బురుజు కట్టిస్తూ ఈ ఇద్దరికీ పని పంచాడు. మెట్లు డోనల్ కట్టాలి. మొదటి అంతస్తు, దాని గడప కార్మక్ పెట్టాలి. అంతస్తు ఎత్తు ఇన్ని కర్రలని ముందే అనుకున్నారు. ఒక్కో కర్రకు ఒక్కో రవ్వ చేరి గడప దగ్గరకు వచ్చేసరికి నాలుగు వేళ్ళు తేడా వచ్చింది. మధ్యలో ఒక్కరోజు ఒకరినొకరు, నీది ఎంతవరకు వచ్చిందిరా అని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. పద్దెనిమిది మెట్లు గోడలో బిగిసిపోయాయి, పైన గడప రాయి బిగిసిపోయింది, మధ్యలో ఒక్క మెట్టుకు చోటు మిగిలింది. ఆ చోటు ఎంత ఎత్తుందో అంత ఎత్తున నన్ను పెట్టారు.

కార్మక్ సున్నం కలిపే మనిషి వైపు తిరిగి, "మా అన్నకు చెప్పు, మెట్లు పొట్టిగా కట్టాడని," అన్నాడు. అన్న జానెడు దూరంలోనే నిలబడి ఉన్నాడు. "మా తమ్ముడికి చెప్పు, గడప ఎత్తుగా పెట్టాడని. నాన్న కొలబద్ద నా దగ్గరుంది," అన్నాడు డోనల్ కూడా ఆ సున్నం మనిషితోనే. పాపం ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా సున్నం కలుపుకున్నాడు.

పని పూర్తయ్యాక దొర చూడడానికి వచ్చాడు. పద్దెనిమిది మెట్లు దర్జాగా ఎక్కాడు. నా దగ్గర బూటు ముందు భాగం తగిలి ముందుకు తూలి, రెండు చేతులూ నేలకు ఆనించి నిలదొక్కుకున్నాడు. వెనకున్న పరివారం నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది.

"ఇదేమిటి?" అన్నాడు దొర. అది చేతులు నరికించే రోజులు.

"కావాలనే పెట్టాం దొరా," అన్నాడు డోనల్.

"అవును దొరా," అందుకున్నాడు కార్మక్. "శత్రువులు పైకి పరుగెత్తుకొస్తారు కదా. లెక్క తప్పి బోర్లా పడతారు. మీ ఇంటివాళ్ళకు అలవాటు ఉంటుంది గనక పడరు."

ఆ ఏడాది మొత్తానికి అన్నదమ్ములు ఒకరి మాటకు ఒకరు వంత పాడింది ఆ ఒక్కసారే. దొర ముఖం వికసించింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అతిథులతో ఆ ఉపాయం తనదేనని చెప్పుకున్నాడు. కొలత తప్పిన మెట్టుని కాస్తా యుద్ధతంత్రాన్ని అయిపోయాను. నన్నడిగినవాళ్ళు ఎవరు?

అంతటితో ఆగినా సరిపెట్టుకునేదాన్ని. మనుషులకు ఒక అబద్ధం చేతికి దొరికితే దాన్ని ఊరికే ఉంచరు, పనిలో పెడతారు. "ఇంటివాళ్ళు పడరు" అన్న మాట కొన్నేళ్ళకు తిరగబడి, "పడ్డారంటే ఇంటివాళ్ళు కారు" అయి కూర్చుంది. ఆ ఇంటికి కోడలు వస్తే చేతికి పాలగిన్నె ఇచ్చి మెట్లెక్కించేవాళ్ళు. తూలకుండా గడప దాటితే మన పిల్ల. తూలితే మూతివిరుపులు. సైవ్ అని ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల పాలు నా ఒంటి మీద ఒలకబోసింది. పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఆమెకు తాళాలివ్వలేదు. నలుగురు బిడ్డల్ని కన్నా, మామగారిని చివరిదాకా మంచంలో చూసుకున్నా, బయటిదానివే కదా అన్నారు. మెట్టు చెప్పిందట. నేనేం చెప్పాను? ఎవరితో చెప్పాను?

పోనీ, నేను ఎవరికోసం ఉన్నానని చెప్పుకున్నారో ఆ శత్రువైనా వచ్చి పడ్డాడా అంటే, ఆ ముచ్చటా తీరలేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్ సైన్యం వచ్చింది. ఓ'ఫైలన్‌లు ముందు రోజే గుర్రాలెక్కి వెళ్ళిపోయారు. కోట తలుపు బార్లా తెరిచి ఉంది. సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న థార్న్‌క్రాఫ్ట్ అనే ఆయనకు ఈ కోటను జీతం కింద ఇచ్చారు. ఆయన పైకి వస్తున్నాడని తెలిసి, ఇన్నాళ్ళకు నా పని చేసి చూపిస్తానని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆయనకు కీళ్ళవాతం. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ కాలెత్తి, పసిపిల్లవాడు ఎక్కినట్టు ఎక్కాడు. నన్నూ అలాగే ఎక్కాడు. వచ్చిన ఒకే ఒక్క శత్రువు, వాడూ పడలేదు. పడలేదు కాబట్టి ఇంటివాడైపోయాడు. ఆయన వంశం మూడు వందల ఏళ్ళు ఇక్కడ ఉంది.

కోట కథలు చెప్పేవాళ్ళు ఈ మూడు వందల ఏళ్ళలో విందులూ వేటలూ బాగానే చెబుతారు. నాకు గుర్తున్నవి వేరే. బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఈ దేశమంతా ఆకలితో మలమలమాడిన ఏళ్ళను నేను మర్చిపోలేను. ఊరివాళ్ళు ఊరి పొలాల్లో పండించిన ఓట్స్ ధాన్యం బస్తాలను ఊరివాళ్ళ చేతే మోయించి బురుజు పై గదిలో దాచారు. కౌలు ధాన్యం అది, ఇంగ్లండ్‌కు తీసుకుపోయే ఓడ వచ్చేదాకా భద్రంగా ఉండాలి. మోసేవాళ్ళ కాళ్ళల్లో సత్తువ లేదు. ఇద్దరు నా దగ్గర కుప్పకూలారు. ఒకడి చెంప నా మీద ఆనింది, చల్లగా ఉంది. వాళ్ళిద్దర్నీ పనిలోంచి తీసేశారు. ఆకలికి పడ్డారని ఎవరూ అనలేదు. పంతొమ్మిదో మెట్టు మీద పడ్డారు, నమ్మకస్తులు కారు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాయికి ఒళ్ళు మండితే ఏమవుతుంది, ఏమీ కాదు.

తర్వాత కౌళ్ళు పోయాయి, పొలాలు పోయాయి. థార్న్‌క్రాఫ్ట్‌ల పెద్దింటి కప్పు కారడం మొదలుపెట్టింది. చివరికి మిగిలిన అడీలా థార్న్‌క్రాఫ్ట్ అనే వితంతువు కప్పు నిలబెట్టుకోవడానికి వేరే దారిలేక 1951లో ఇంటిని హోటలు చేసింది. భోజనాలకు వచ్చేవాళ్ళను ఆఖరిదాకా ఆమె "అతిథులు" అనే అంది, బిల్లు మాత్రం మేనేజర్ చేత ఇప్పించేది. మేనేజర్ పేరు మార్టిన్ కన్‌కానన్. ఊరివాడే, చురుకైనవాడు. పాత కోట కదా, పాత ఆచారాలుంటే వచ్చేవాళ్ళకు సరదాగా ఉంటుందని పనిమనుషులకు మెట్ల పరీక్ష మళ్ళీ మొదలెట్టింది ఈ ఇద్దరే. నిండు బకెట్టుతో ఎక్కాలి, చుక్క ఒలకకూడదు.

నోనీ అనే ఊరి పిల్ల ఆ పరీక్షలో నెగ్గింది. పదహారేళ్ళప్పుడు చేరింది. సన్నగా, పొడుగ్గా ఉండేది, పనిలో ఉన్నంతసేపూ తనలో తను ఏవో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉండేది. చేరిన మొదటి వారంలోనే మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు తోముతూ నా దగ్గర ఆగింది. బ్రష్ పక్కన పెట్టి, చేయి చాపి జాన పెట్టి కొలిచింది. కింది మెట్టును కొలిచింది. మళ్ళీ నన్ను కొలిచింది. ఐదు వందల ఏళ్ళలో నన్ను కొలిచి చూడాలని ఒక మనిషికి తోచడం అదే మొదలు. ఆ పిల్ల చేయి తడిగా, సబ్బు వాసనతో ఉంది. ఆ చేయి తగిలేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే వెళ్ళి అడీలాతో చెప్పింది. "మేడమ్, పంతొమ్మిదో మెట్టు తప్పుగా ఉందండి. మిగతావాటికి నా జాన సరిపోతోంది, దీనికి పైన నాలుగు వేళ్ళు మిగులుతున్నాయి. ఎవరైనా పడతారు."

"అది అలా ఉండాలనే కట్టారు నోనీ. నీకు తెలియదులే."

ఆ తర్వాత కూడా రెండుసార్లు చెప్పింది. రెండోసారి మార్టిన్ నవ్వాడు. మూడోసారి, పనిపిల్లకు ఇంజినీరింగు ఎందుకని అడీలా విసుక్కుంది. నోనీ ఊరుకుంది. పెళ్ళి చేసుకుంది. కడుపుతో ఉన్నా పనికి వచ్చింది. కాన్పయ్యాక మళ్ళీ రావచ్చని అడీలా మాట ఇచ్చింది కూడా.

1961 అక్టోబరులో ఒక ఉదయం. ఏడో నెల. అడీలాకు పై గదిలోకి టీ పళ్ళెం తీసుకెళుతోంది. ముందు పొట్ట, పొట్ట మీద పళ్ళెం. తన పాదాలు తనకు కనబడవు. పద్దెనిమిదో మెట్టు మీద తను లెక్క తప్పలేదు, నేను ప్రమాణం చేసి చెబుతాను, పెదాలు కదులుతూనే ఉన్నాయి. కాలు కూడా ఎత్తింది. ఆ రోజు ఆ బరువుతో ఎత్తాల్సినంత ఎత్తలేకపోయింది. కడుపు రాయికి తగలకుండా ఎడమ చేయి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగిన చప్పుడు టీ కుండ పగిలిన చప్పుడులో కలిసిపోయింది.

మార్టిన్ పరుగెత్తుకొచ్చి ముందు పింగాణీ ముక్కలు ఏరాడు. నన్ను నేను పగలగొట్టుకోగలిగితే ఆ క్షణాన పగలగొట్టుకునేదాన్ని. వారం తిరగకుండా నోనీని పని మానిపించారు. "ఎనిమిదేళ్ళు ఇంట్లో తిరిగింది. చివరికి మనిషి ఎలాంటిదో మెట్టు చెప్పింది," అంది అడీలా. ఊళ్ళో ఆ మాట పాకింది. కోట మెట్టు వెలివేసిన మనిషి అని వెనక చెప్పుకున్నారు. నేనెవర్నీ వెలివేయలేదని అరవాలని ఉంది నాకు. ఎలా అరవను?

నోనీకి డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. బ్రిజిడ్ అని పేరు పెట్టారు. నోనీ కుట్టుమిషన్ కొనుక్కుని ఊళ్ళో బట్టలు కుట్టుకుంటూ బతికింది. చాలా ఏళ్ళు ఈ కోట గడప తొక్కలేదు. అడీలా పోయాక 1974లో మార్టినే కోట కొనేశాడు. ఆయన తర్వాత ఇప్పుడు కొడుకు ఫెర్గల్ చూస్తున్నాడు. పడకుండా ఎక్కడం వచ్చినవాళ్ళందరూ ఇక్కడ ఇంటివాళ్ళయ్యారు, చూశారా.

ఇక నన్ను అసలు తినేసింది ఇది కాదు, వినండి. 1992లో హోటల్లోకి కొత్త మనిషి పనికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. బలమైన అడుగు, వేగంగా ఎక్కుతుంది, నా దగ్గర ఆగకుండా కాలెత్తి వేస్తుంది. ఎక్కుతూ తనలో తను అంకెలు లెక్కపెట్టుకుంటోంది. ఎవరో పైనుంచి "బ్రిజిడ్ మానియన్" అని పిలిచారు. మానియన్ నోనీ పెళ్ళయ్యాక పెట్టుకున్న ఇంటిపేరు.

మొదట గదులు సర్దేది. మాట చక్కగా ఉందని ఫెర్గల్ ఆమెకు కోట చూపించే పని ఇచ్చాడు. రోజుకు రెండు గుంపులు, ఎండాకాలంలో నాలుగు. కాగితంలో ఉన్న నాలుగు వాక్యాలూ ఆమెకు నేర్పారు. దాదాపు ముప్ఫై ఏళ్ళు రోజూ నా మీద కాలు పెట్టి, గుంపు వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పేది: "ఇది శత్రువుల్ని పడగొట్టడానికి కట్టిన మెట్టు. ఈ ఇంటి మనుషులెవ్వరూ దీని మీద పడలేదు. పడినవాళ్ళు బయటివాళ్ళే. మీరు ఎవరో ఇప్పుడు తేలిపోతుంది." అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

తన తల్లిని రోజుకు నాలుగుసార్లు బయటికి తోస్తోందని ఆమెకు తెలియదు. నోనీ చెప్పలేదు. చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నాకు నోరు లేదు. నా మీద కాలు పెట్టి చెప్పేది, అదీ నా బాధ. ఆ మాట పాదంలోంచి నాకు సన్నగా అదురుతూ తెలిసేది.

కిందటేడు మే నెలలో, కన్‌కానన్‌లు కోట కొని యాభై ఏళ్ళయిన సందర్భంగా ఫెర్గల్ ఒక ఆదివారం పనివాళ్ళ కుటుంబాలకు టీ ఏర్పాటు చేశాడు. కోట కూడా చూపిస్తామన్నాడు. ఆ మధ్యాహ్నం గుంపులో ఒక చేతికర్ర చప్పుడు వినిపించింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతోంది. మెలిక తిరిగి కనిపించేదాకా నేను ఎదురుచూశాను. ఎనభై ఏడేళ్ళ ముసలామె. పెదాలు కదులుతున్నాయి. పదిహేను. పదహారు. పదిహేడు దగ్గర ఆగిపోయింది.

"ఇక చాలమ్మా, కింద కూర్చో, నేను వస్తా," అంది బ్రిజిడ్ పైనుంచి.

"నువ్వు చెప్పు. నేను వింటా," అంది నోనీ.

బ్రిజిడ్ నా మీద కాలు పెట్టి, గొంతు తగ్గించి, ఎప్పటిలాగే మొదలుపెట్టింది. శత్రువులు. ఇంటి మనుషులు. పడినవాళ్ళు బయటివాళ్ళే. గుంపు నవ్వింది. నోనీ నవ్వలేదు.

"నేను పడ్డాను," అంది.

"ఏంటమ్మా?"

"ఇక్కడే పడ్డాను. టీ పళ్ళెంతో సహా. నువ్వు కడుపులో ఉన్నావు."

కింద ఎవరో పిల్లలు అరుస్తున్నారు. నోనీ ఇంకో మెట్టు ఎక్కి, పద్దెనిమిదో మెట్టు మీద మెల్లగా కూలబడింది. చేతిసంచీ తెరిచి బట్టలు కొలిచే టేపు తీసింది. అరవై ఏళ్ళుగా ఊరందరి నడుములూ భుజాలూ కొలిచి అంకెలు అరిగిపోయిన టేపు.

"కళ్ళు సరిగా ఆనట్లేదు. నువ్వు చదువు," అంది కూతురితో.

బ్రిజిడ్ వంగింది. తల్లి మొదట తను కూర్చున్న మెట్టుకు టేపు పెట్టింది.

"ఏడంగుళాలు."

తర్వాత నాకు పెట్టింది. బ్రిజిడ్ టేపు సరిచేసి మళ్ళీ చూసింది.

"ఎంత?"

"పదింపావు."

"నేను కూర్చున్నదాని కింద పదిహేడోది కూడా చూడు. పదహారోది చూడు. అన్నీ ఏడే. శత్రువుల కోసమట," అంది నోనీ. "ఎవడో కొలత తప్పాడు. చేరిన వారంలోనే చెప్పాను ఆవిడకి. మూడుసార్లు చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"నీకు అప్పుడు ఉద్యోగం కావాలి. ఇద్దరు పిల్లలు. చెబితే చేరేదానివా? తర్వాత నువ్వు ఈ కథ చెబుతున్నావని తెలిసింది. బాగా చెబుతున్నావని ఊరంతా మెచ్చుకున్నారు. ఇంకేం చెప్పను?"

బ్రిజిడ్ నా మీద కూర్చుండిపోయింది. గుంపులోవాళ్ళు పక్కకు ఒదిగి ఒక్కొక్కరే కిందికి దిగిపోయారు.

మర్నాడు ఉదయం ఫెర్గల్ మెట్ల మొదట్లో బ్రిజిడ్‌ను కలిశాడు. ఈ దేశంలో యజమానిని కూడా పేరు పెట్టే పిలుస్తారు. పైగా ఫెర్గల్ నిక్కర్లు వేసుకు తిరిగిన రోజుల నుంచి బ్రిజిడ్‌కు తెలుసు.

"ఫెర్గల్, ఆ కాగితం మార్చాలి," అంది. "మేస్త్రీల తప్పు అని రాయి. మా అమ్మను అన్యాయంగా తీసేశారని ఆమెతో ఒక్క మాట అను. అంతకన్నా ఏమీ అక్కర్లేదు."

ఫెర్గల్ చెడ్డవాడు కాదు. నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "బ్రిజిడ్, మీ అమ్మంటే నాకు గౌరవం. కేకు పంపిస్తాను, పూలు పంపిస్తాను, కారు పంపించి ఎప్పుడంటే అప్పుడు భోజనానికి పిలిపిస్తాను. తప్పు అని మాత్రం రాయలేను. చరిత్ర అనేస్తే ఒక బోర్డు పెట్టి జాగ్రత్త అని రాస్తే చాలు. తప్పని ఒప్పుకుంటే ఇన్సూరెన్స్‌వాళ్ళు రేపే ఈ మెట్లు మూయిస్తారు. ఇప్పటిదాకా ఇక్కడ కాలు బెణికినవాళ్ళందరూ లాయర్లను వెంటబెట్టుకొస్తారు. అలాంటి మాట నోటితో కూడా అనొద్దని మా లాయరు చెప్పాడు."

"సారీ అని కూడానా?"

"ముఖ్యంగా అదే."

చూశారా. ఆనాడు అన్నదమ్ములు చేతులు పోతాయని అబద్ధమాడారు. ఈనాడు ఈయన ఇన్సూరెన్స్ పోతుందని అదే అబద్ధాన్ని పట్టుకు వేలాడుతున్నాడు. మధ్యలో ఎంతమంది పడ్డారో, ఎంతమందిని ఇంట్లోంచి తోశారో ఎవరికీ పట్టదు. తప్పును చరిత్ర అనేస్తే దానికి ఎవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు. రాయిని, నాకే ఇది అర్థమైంది, మీ లాయర్లకు ఎప్పుడో అర్థమైంది.

బ్రిజిడ్ ఆ నాలుగు వాక్యాలు చెప్పడం మానేసింది. నా దగ్గర ఆగకుండా, కాలెత్తి వేయండి అని మాత్రం అని ముందుకు పోయేది. కాగితం పట్టుకొచ్చిన వాళ్ళు ఆగి, శత్రువుల మెట్టు ఇదేనా అని అడిగేవాళ్ళు. ఆమె జవాబు చెప్పేది కాదు. గైడు కోపంగా ఉందని ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు రాశారు. సెప్టెంబరులో ఫెర్గల్ చెవుల్లో పెట్టుకునే యంత్రాలు తెప్పించాడు. ఎనిమిది భాషల్లో, చక్కని గొంతుతో, ఎప్పటికీ అలసిపోకుండా ఆ నాలుగు వాక్యాలూ చెబుతాయట. బ్రిజిడ్‌ను మళ్ళీ గదులు సర్దే పనికి పంపుతామన్నారు. అక్టోబరు మొదటి తేదీ నుంచి యంత్రాలు. అంతకు ముందు రోజు, సెప్టెంబరు ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం ఆమె చివరి గుంపు.

ఆ రోజు తొమ్మిది మంది వచ్చారు. మెట్ల కింద ఫెర్గల్ నిలబడి ఉన్నాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చాడో, కాపలాకు వచ్చాడో తెలియదు. బ్రిజిడ్ పద్దెనిమిదో మెట్టు మీద ఆగింది. నా మీద కాలు పెట్టలేదు. చేయి పెట్టింది. గొంతు తగ్గించలేదు, కిందిదాకా వినబడేలా చెప్పింది.

"ఈ మెట్టు మూడుంపావు అంగుళాలు ఎక్కువ ఎత్తు. కట్టినవాళ్ళ కొలత తప్పింది. శత్రువులెవరూ దీని మీద పడలేదు. పడినవాళ్ళందరూ ఈ ఇంట్లో పనిచేసినవాళ్ళు, ఈ ఇంటికి కాపురానికొచ్చినవాళ్ళు. అరవై మూడేళ్ళ క్రితం మా అమ్మ పడింది. ఆమె ఈ ఇంటి మనిషి. తప్పు మెట్టుది."

తప్పు మెట్టుది. ఇన్ని వందల ఏళ్ళు నన్ను తెలివైనదానివన్నారు, గడుసుదానివన్నారు, మనుషుల లోపలిది కనిపెట్టేదానివన్నారు. ఒక్కరైనా ఈ మాట అంటారేమోనని ఎదురుచూసీ ఎదురుచూసీ మధ్యలో గుంట పడేంతగా అరిగిపోయాను. అన్నారు చివరికి. అదీ యంత్రాలు రాబోయే ముందు రోజున, తొమ్మిది మంది ముందర. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు నాకు.

గుంపులో ఎవరూ నవ్వలేదు. ఒకతను చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెనక నిలబడ్డ ఒక ముసలాయన, ఏ దేశం నుంచి వచ్చాడో, టోపీ చేతిలోకి తీసుకుని అడిగాడు: "ఆవిడకు దెబ్బ తగిలిందా?"

పాలు ఒలికినప్పుడు, బస్తాలు పడినప్పుడు, టీ కుండ పగిలినప్పుడు ఎవరూ అడగని ప్రశ్న అది. బ్రిజిడ్ నా మీద పెట్టిన చేతిని తీసి ముఖం తుడుచుకుంది.

"తగిలిందండి," అంది. "ఎడమ మణికట్టు విరిగింది. వాన పడ్డప్పుడల్లా ఇప్పటికీ నొప్పి పెడుతుంది. మా ఊళ్ళో రోజూ వానే."